ముందు చెప్పలేకపోతే, తవ్వాకైనా చెప్పాలి

2025 ఆగస్టు చివర్లో కురిసిన భారీ వర్షాలు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయాయి. ఇలాంటప్పుడు గండి పూడ్చడానికి, నీరు మళ్లించడానికి, అంబులెన్సుకు దారి చేయడానికి ముందుగా దిగేది జేసీబీ. ఆ రోడ్డు అంచునే, మట్టి కింద, ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఉండొచ్చు. తొందరలో బకెట్ తగిలి అది తెగితే బాధ్యత ఎవరిది? అత్యవసరం అన్న ఒక్క మాట శిక్ష తప్పిస్తుందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 19ఎ సెక్షన్‌లోనే దీనికి సమాధానం ఉంది. కేబుల్ దెబ్బతినే అవకాశం ఉన్న పని చేసేవారు కనీసం నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని అది చెప్పింది. మనిషికి తక్షణ ప్రమాదం తప్పించేందుకు సదుద్దేశంతో తవ్వితే మాత్రం మినహాయింపు ఇచ్చింది. అప్పుడు వీలైనంత ముందుగా చెబితే చాలు. ఆ వ్యవధి కూడా లేకపోతే, తవ్విన వెంటనే చెప్పాలి. అంటే గడువు విషయంలోనే సడలింపు, సమాచారం ఇవ్వడంలో కాదు. పైగా ఇది మనుషులకు ముప్పు ఉన్నప్పుడే వర్తిస్తుంది. కాంట్రాక్టరు బిల్లు గడువు దాని కిందికి రాదు.

కాలంతోపాటు నోటీసు పద్ధతి మారింది. 2022 మౌలిక సదుపాయాల భద్రతా నిబంధనలు తవ్వకానికి ముందు ఉమ్మడి పోర్టల్లో సమాచారం ఇవ్వడాన్ని తప్పనిసరి చేశాయి. అందుకోసం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను ప్రధాని మోదీ ప్రారంభించారు. సమన్వయం లేని తవ్వకాల వల్ల దేశంలో ఏటా సుమారు రూ.3,000 కోట్ల నష్టం జరుగుతోందని అప్పట్లో కేంద్రం చెప్పింది.

జరిమానాల తీరూ మారింది. నిర్లక్ష్యంగా కేబుల్ తెంచి సమాచార ప్రసారం ఆగేలా చేస్తే, పాత చట్టం కింద మరమ్మతు ఖర్చుతోపాటు రూ.1,000 వరకు జరిమానా. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలో సాధారణ నెట్‌వర్క్‌కు నష్టం కలిగిస్తే పరిహారంతోపాటు రూ.50 లక్షల వరకు పెనాల్టీ. కీలకమైనదిగా ప్రకటించిన వ్యవస్థను దెబ్బతీస్తే మూడేళ్ల వరకు జైలు, రూ.2 కోట్ల వరకు జరిమానా, లేదా రెండూ. విద్యుత్ సామగ్రిని నిర్లక్ష్యంగా పాడుచేస్తే 2003 విద్యుత్ చట్టం కింద రూ.10,000 వరకు జరిమానా వేరు.

బస్తర్‌లో ఈ చట్టాల అమలుకు ఒక చిక్కుంది. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో బస్తర్ ఇంటర్నెట్ ప్రాజెక్టు తొలి దశను ప్రారంభించారు. నగరంలో ఒక కేబుల్ తెగితే ట్రాఫిక్‌ను మరో దారికి మళ్లించవచ్చు. అడవి పల్లెకు ఆ ప్రత్యామ్నాయం దొరకడం కష్టం. అక్కడ సిగ్నల్ పోతే 108కు ఫోన్ చేయడం, రేషన్, బ్యాంకు సేవ అన్నీ ఆగే ప్రమాదముంది. సమాచారం ఇవ్వాల్సిన సాధనమే యాప్ అయినప్పుడు, నెట్ లేనిచోట డ్రైవరు ఎవరికి చెప్పాలి?

భూమి కింద ఉన్నవి కేబుళ్లే కావు. బైలదిలా ఇనుప ఖనిజాన్ని బురద రూపంలో విశాఖపట్నానికి చేర్చే 267 కిలోమీటర్ల పైప్‌లైన్ కూడా ఈ ప్రాంతం నుంచే మొదలవుతుంది. 1962 పైప్‌లైన్ల చట్టం ప్రకారం, అలాంటి పైప్‌లైన్ కోసం వినియోగ హక్కు సేకరించిన భూమిలో యజమాని సైతం బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు.

అందువల్ల భారమంతా జేసీబీ డ్రైవరు మీద మోపితే న్యాయం కాదు. కంపెనీలు తమ కేబుళ్ల జాడను పోర్టల్లో పెట్టాలని 2022 నిబంధనలే చెప్పాయి. ఆ మ్యాపు వానలకు ముందే అచ్చుప్రతిగా తహసీల్దారు చేతికి అందాలి. కేబుల్, కరెంటు, పైప్‌లైన్ సంస్థల అత్యవసర నంబర్లు పంచాయతీ గోడ మీద హిందీతోపాటు గోండీ, హల్బీల్లోనూ ఉండాలి. నెట్ లేనప్పుడు పోలీసు వైర్‌లెస్ ద్వారా సమాచారం పంపే ఏర్పాటు చేయాలి. పని పురమాయించిన శాఖే నోటీసుకు పూచీ పడాలి.

జగదల్‌పూర్ నుంచి కొంటా మీదుగా భద్రాచలం వచ్చే 30వ నంబరు జాతీయ రహదారికి ఇవతల, శబరి, గోదావరి వరద ముంచే తెలుగు మండలాలకూ ఇవే కేంద్ర చట్టాలు వర్తిస్తాయి. అక్కడి అధికారులకూ వానలకు ముందే చేయాల్సిన పని ఇది.