పైపు మన పొలంలో.. గ్యాస్ ఎవరి పొయ్యిలో?

భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్. పేరు వింటే అచ్చంగా మన పట్నం కంపెనీ అనిపిస్తుంది. గెయిల్, హెచ్‌పీసీఎల్ అనే రెండు కేంద్ర సర్కారు సంస్థలు కలిసి 2003 ఆగస్టులో దీన్ని పెట్టాయి. ఆఫీసు హైదరాబాద్‌లో, పని హైదరాబాద్‌తో పాటు విజయవాడ, కాకినాడల్లో. పేరు మనదే గానీ అప్పట్లో గ్యాస్ పైపు మన దగ్గర లేదు. అందుకని మొదట్లో విజయవాడలో గ్యాస్‌ను సిలిండర్ల గుత్తుల్లోకి ఎక్కించి, లారీల మీద రెండు వందల డెబ్బై కిలోమీటర్లు మోసుకొచ్చి హైదరాబాద్ బంకుల్లో పోశారు. పొగ తగ్గించే గ్యాస్‌ను డీజిల్ పొగతో తెచ్చుకున్నామన్నమాట. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

తప్పు ఆ కంపెనీ ఒక్కదానిదే అని మనం అనలేం. ఉన్న పైపు ఉన్నకాడికే అది పని చేస్తుంది. గెయిల్ పైపులు గోదావరి, కృష్ణా జిల్లాల్లోనే చుట్టుకున్నాయి. జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి, వేమగిరి.. గ్యాస్ కరెంటు కేంద్రాలన్నీ ఆ పైపుల పొంటే వెలిశాయి. మన సింగరేణి బొగ్గు మాత్రం రైలెక్కి విజయవాడ దాకా పోయింది. బొగ్గుకు దొరికిన దారి గ్యాస్‌కు ఎందుకు దొరకలేదు?

దారి లేదనడానికీ వీల్లేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 బ్లాకులో 2002లో గ్యాస్ బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల పైపు పడింది. అది తెలంగాణ పొలాల కింద నుంచే పోయింది. 1962 నాటి పైపులైన్ల చట్టం ఏం చెబుతుందో మన రైతుల్లో ఎంతమందికి తెలుసు? పైపు వేసేవాళ్లు భూమి కొనరు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటారు. ఆ హక్కుకు చెల్లించేది భూమి మార్కెట్ విలువలో పది శాతం. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. దున్నుకోవచ్చు, విత్తుకోవచ్చు. కానీ ఆ పట్టీ మీద చెట్టు పెట్టొద్దు, ఇల్లు కట్టొద్దు, బావి తవ్వొద్దు. బిడ్డ పెండ్లికి ఎకరం అమ్ముదామని పోతే కొనేవాడు ముందు అడిగేది పైపు ముచ్చటే.

కరీంనగర్ జిల్లా నేదునూరులో 2,100 మెగావాట్ల గ్యాస్ కరెంటు కేంద్రం అన్నారు. శంకర్‌పల్లిలో ఇంకొకటి అన్నారు. నేదునూరులో శంకుస్థాపన రాయి కూడా పడింది. గ్యాస్ కేటాయింపు రాలేదన్న ఒక్క మాటతో రెండూ కాగితాల్లోనే నిలిచిపోయాయి. నేదునూరుకు రోజుకు కావలసింది సుమారు కోటి ఘనపు మీటర్లు. డీ6 నుంచి రోజుకు 8 కోట్లు వస్తుందని ఆ రోజుల్లో ఊరూవాడా చెప్పారు. అంటే ఎనిమిదో వంతు. మన నేల కింద నుంచి పోయేదాంట్లో ఆ మాత్రం అడగడం అత్యాశేం కాదు.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఒక నిజం మనమూ ఒప్పుకోవాలె. 2010లో 6 కోట్లు దాటిన ఉత్పత్తి ఆ తర్వాత పడిపోయింది. 2013 నాటికి కరెంటు కేంద్రాలకు ఆ గ్యాస్ రావడమే బందయింది. వేల కోట్లు పోసి కట్టిన కోస్తా కేంద్రాలు మూలకు పడ్డాయి. నేదునూరు కట్టి ఉంటే అది కూడా అట్లనే పడి ఉండేదేమో. కానీ మనకు గ్యాస్ నిరాకరించిన నాడు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

కోనసీమ ప్రజల మీద మనకు కోపం లేదు. గ్యాస్ పుట్టిన గడ్డ వాళ్లది, కాలింది కూడా వాళ్ల గడ్డే. 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గెయిల్ పైపు పేలి ఇరవై మంది దాకా బూడిదయ్యారు. తెల్లారి పొయ్యి ముట్టించబోయిన పేదలు వాళ్లు. వాళ్ల ఊళ్లకు ఏం దక్కిందో మనకు దక్కింది అంతే.

రామగుండం ముచ్చట వేరు. బొగ్గు మీద నడిచిన ఎరువుల కర్మాగారం 1999లో మూతపడితే వేలమంది కొలువులు ఆగమయ్యాయి. అదే జాగలో గ్యాస్ మీద నడిచే కొత్త ఫ్యాక్టరీ కట్టి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. తెలంగాణ సర్కారుకు అందులో 11 శాతం వాటా ఉంది. గోదావరి జిల్లాల నుంచి రామగుండానికి పైపు వచ్చింది. అడ్డం వచ్చిన కొండలేవీ లేవని అప్పుడు తేలింది. మూతకు, తెరవడానికి నడుమ 22 ఏండ్లు. ఆ కొలువులు పోయినవాళ్ల వయసు అంతలోనే అయిపోయింది.

2018 వేలంలో మన జిల్లాలు చాలా వరకు ప్రైవేటు గ్యాస్ కంపెనీల చేతికి వెళ్లాయి. వీధి తవ్వి పైపు వేస్తున్న కాడ మనం అడగాల్సినవి ఉన్నాయి. తవ్విన రోడ్డు ఎప్పుడు పూడుస్తారు? లీకైతే పలికే మనిషి ఎంత దూరంలో ఉంటాడు? ఇంకొకటి మన సర్కారును అడగాలి. సహజవాయువు జీఎస్టీలో లేదు, దాని మీద వ్యాట్ వేసేది రాష్ట్రమే. ఆ వేసే చెయ్యి 2014 నుంచి మనదే. ఆటో నడిపే తమ్ముడు పోయించుకునే కిలో గ్యాస్‌లో ఆ చేతికి ఎంత పోతున్నదో బంకు బోర్డు మీద రాయించండి.