పావురాళ్ల గది – పొడి చీపురు

పిల్లలూ!

ఈ నెల నేను చేసిన తప్పు ఒకటి మీకు చెబుతాను. మేష్టరు కూడా తప్పు చేస్తాడా అని నవ్వకండి. చేస్తాడు. తెలిసిన తరువాత దిద్దుకొంటాడు.

నేను ఉద్యోగం చేసిన ఒక బడిలో పాత సామాను గది ఉండేది. దాని దూలాల మీద పావురాలు గూళ్లు పెట్టినవి. ఏళ్ల తరబడి రాలిన రెట్ట నేలమీద అట్టలు కట్టి, ఎండి, సున్నంలాగా పొడి అయింది. వార్షికోత్సవం దగ్గరపడింది. ఎనిమిదో తరగతి పిల్లలను నలుగురిని పిలిచి చీపుళ్లిచ్చి, "తలుపులు వేసుకొని ఊడ్వండిరా, దుమ్ము వసారాలోకి రాకూడదు!" అన్నాను. అరగంటకు వాళ్లు ఒళ్లంతా తెల్లగా అయి, దగ్గుతూ బయటికి వచ్చారు. అందరం నవ్వుకొన్నాము. అదృష్టవశాత్తు వారికేమీ కాలేదు. నేను చేయించిన పని ఎంత ప్రమాదమో తరువాత చదివి తెలుసుకొన్నాను.

ఆ దుమ్ములో ఏమున్నది?

ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే నాలుగు రోజులకు బూజు పడుతుంది, అమ్మ కేకలేస్తుంది. ఆ బూజూ, వానలకు గడ్డివాము పక్కన లేచే పుట్టగొడుగూ, రొట్టె పిండిని పొంగించే ఈస్టూ ఒకే కుటుంబం. వీటిని శిలీంధ్రాలంటారు. వీటికి మొక్కలవలె ఆకుపచ్చదనం లేదు. తమ తిండి తాము వండుకోలేవు. ఎండుటాకు, పుచ్చుకట్టె, ఈక, రెట్ట – దేనిమీదనైనా చేరి దానిని తింటవి. వీటిలో చాలావాటికి విత్తనాలకు బదులు సిద్ధబీజాలుంటవి. అవి కంటికి ఆనవు. పగిలిన పత్తికాయనుండి దూది ఎగిరినట్లే అవీ గాలికి ఎగిరిపోతవి.

గాలి ఒక్కటే కాదు, పక్షి కూడా వాటికి బండి. పెంటకుప్ప కెలికిన కాకి ముక్కుకూ, నాగలి వెంట పురుగులేరుకొనే గోరింక కాళ్లకూ, పక్షుల ఈకలకూ, పేగులలోనూ శిలీంధ్రాలు చేరి ఊరూరా తిరుగుతవి.

ఇవన్నీ చెడ్డవేనా? కాదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్లమీద గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ వందల సంఖ్యలో గూళ్లు పెట్టుకొంటవి. అక్కడ రాలే ఈకలు ఏమవుతున్నవి? ఈకలూ, మన గోళ్లూ, వెంట్రుకలూ కెరటిన్ అనే గట్టి పదార్థంతో తయారైనవి. దానిని అరిగించుకోగల శిలీంధ్రాలు మట్టిలోనూ, గూళ్లలోనూ ఉన్నవి. అవి ఈకను మళ్లీ మట్టిలో కలుపుతవి.

ఇక మా సామాను గది సంగతి. క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ అనే ఈస్టు ఒకటి ఉన్నది. 1894లో ఇటలీలో సాన్‌ఫెలీచె అనే శాస్త్రజ్ఞుడు దానిని పండ్లరసంలో చూచాడు. 1955లో అమెరికాలో చెస్టర్ ఎమ్మన్స్, అది పావురాల పాత గూళ్లలోనూ, రెట్టలోనూ పెరుగుతున్నదని వెల్లడించాడు. ఎండిన రెట్టను కదిపితే ఆ కణాలు దుమ్ముతో లేచి మన ఊపిరితిత్తులలోకి పోగలవు. ఆరోగ్యవంతుల శరీరం సాధారణంగా వాటిని అణచివేస్తుంది. రోగనిరోధకశక్తి తగ్గినవారిలో మాత్రం అవి మెదడు పొరలదాకా పోయి ప్రాణం మీదికి తెస్తవి.

"మరి పావురాయికి జబ్బు రాదా, మేష్టారూ?" అంటారేమో. సాధారణంగా రాదు. మన ఒంటి వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు. పావురాయిది 41 దాటుతుంది. ఆ వేడిలో ఈ శిలీంధ్రం బాగా పెరగలేదు. పావురాయి దానిని మోస్తుందే గాని దానికి లొంగదు.

తల్లిదండ్రులకు ఒక మాట. నేడు పట్నాలలో మేడల సన్‌షేడ్ల మీదా, ఏసీ పెట్టెల వెనుకా పావురాలు చేరుతున్నవి. ఆ రెట్టను పిల్లలచేత ఊడ్పించకండి. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే వారినీ దూరంగా ఉంచండి. పెద్దవాళ్లు ముక్కుకు మంచి మాస్కు, చేతికి తొడుగులు వేసుకొని, తలుపులు తెరచి, ముందు నీళ్లు చల్లి నానబెట్టి, తడిగానే ఎత్తి సంచిలో మూటకట్టాలి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

"తడి ఉంటే బూజు పెరుగుతుందన్నారుగా?" అని తెలివైనవాడొకడు అడుగుతాడు. నిజమే. పెరగడానికి రోజులు పడుతుంది. ఎగరడానికి ఒక్క చీపురు దెబ్బ చాలు. అందుకే తడిపి, వెంటనే తీసివేయాలి.

పాపం, పావురాళ్లమీద రాళ్లు వేయకండి! అవి గూడు కట్టకుండా ముందే వల కడితే చాలు. తప్పు పక్షిది కాదు, పొడి చీపురుది. దానిని ఆ పిల్లల చేతికిచ్చిన మేష్టరుది.