మనవాళ్లు కాదుగా!

మీ చేలో మిర్చి కోసిన కూలీల్లో ఎంతమంది పేర్లు మీకు తెలుసు?

ఒక్కరిదైనా?

తెలియదు. మేస్త్రీకి ఫోన్ చేశారు, ట్రాలీ దిగింది, పని అయిపోయింది. వాళ్లు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా నుంచో బీజాపూర్ నుంచో వచ్చారు. చేను గట్టున బరకం కట్టుకుని పడుకున్నారు. అసలే తేజా మిర్చి, ఘాటుకి పేరు. సాయంత్రానికి వేళ్లు మండిపోతుంటాయి. కళ్లు నులుముకోవడానికి లేదు. ఆ చేతులతోనే తల్లి చంటిబిడ్డని పాలకి ఎత్తుకోవాలి. ఇదంతా మీరు చూశారు. చూడలేదని మాత్రం అనకండి.

2017 మే గుర్తుందా? అంతకుముందే ధర పడిపోయి ఖమ్మం యార్డులో రైతులు తిరగబడ్డారు. వాళ్లకి బేడీలు వేసి కోర్టుకి తెచ్చారు. రాష్ట్రమంతా భగ్గుమంది. పోలీసుల మీద వేటు పడింది. పడాల్సిందే.

మరి 2020 ఏప్రిల్?

గోదావరి ఒడ్డున పేరూరు. 2016 దాకా ఖమ్మం జిల్లా ఊరే, ఇప్పుడు ములుగు. అక్కడ మిర్చి కోతకి వచ్చిన పన్నెండేళ్ల పిల్ల, లాక్‌డౌన్‌లో పని ఆగిపోతే తోటివాళ్లతో కలిసి అడవి దారిన బీజాపూర్ వైపు బయల్దేరింది. మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకో పది పదిహేను కిలోమీటర్లుందనగా, 18న చచ్చిపోయింది. ఒంట్లో నీళ్లూ లవణాలూ అడుగంటి.

ఇక్కడ ఎవరు భగ్గుమన్నారు? ఏ రోడ్డు మీద బైఠాయించారు? ఏ యార్డు ఒక్క పూట మూసుకుంది?

మనవాళ్లు కాదుగా! మీ నీతిశాస్త్రం మొత్తం ఈ రెండు మాటలే.

మీ ఫోన్లో కులసంఘం గ్రూపుంది. కాలేజీ బ్యాచ్ గ్రూపుంది. అమెరికాలో బావమరిది ఉన్నాడు, ఎమ్మార్వో ఆఫీసులో తెలిసిన మనిషున్నాడు. మీవాడి కాలికి ముల్లు గుచ్చుకుంటే అన్నీ ఒక్కసారే మోగుతాయి. మోగనివ్వండి, తప్పేం లేదు. మరి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో బతుకుతున్న గుత్తికోయల కోసం ఏ ఫోను మోగాలి?

చుట్టరికం లేకపోతే న్యాయం కూడా లేదా?

2005లో మావోయిస్టుల వేట పేరుతో సల్వాజుడుం దళాలు ఊళ్ల మీద పడితే ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటి వచ్చారు, ఆ జుడుం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టే తేల్చినా మనం మాత్రం వీళ్లనే చొరబాటుదార్లన్నాం, అటవీ హక్కుల చట్టం గడువు 2005 డిసెంబరు 13 గనక ఆ తర్వాత కొట్టుకున్న పోడుకి పట్టా లేదన్నాం, ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైనవాడికి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వం పొమ్మన్నాం, గుడిసెలు పీకేశాం, కందకాలు తవ్వాం, పోడు దున్నిన చోట మొక్కలు నాటి హరితహారం అన్నాం, చెలమ నీళ్లు తాగితే తాగనీ అనుకున్నాం, నొప్పులొచ్చిన ఆడమనిషిని మంచానికి తాళ్లు కట్టి వాగులు దాటిస్తుంటే పేపర్లో ఫొటో చూసి పేజీ తిప్పేశాం, కోతలు రాగానే మాత్రం ట్రాలీ పంపాం.

సిగ్గనిపించడం లేదూ?

2022 నవంబరులో చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర రేంజర్ శ్రీనివాసరావుని నరికి చంపారు. ఘోరం. దానికి సాకులు లేవు. ఇద్దరు గుత్తికోయలకి యావజ్జీవం పడింది, న్యాయమే. కానీ కోర్టు తేల్చకముందే అక్కడి బెండాలపాడు పంచాయతీ ఏం తీర్మానించింది? గుత్తికోయల్ని ఛత్తీస్‌గఢ్‌కి పంపేయాలని!

మీ వీధిలో ఒకడు హత్య చేస్తే వీధి మొత్తం ఖాళీ చేయిస్తారా? మీ కులంలో ఒకడు చేస్తే?

ఆక్రమణదారులంటారా? సరే, ఆక్రమణల గురించే మాట్లాడదాం. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారకూడదు. భద్రాచలంలో అంతస్తు మీద అంతస్తు ఎలా లేస్తోంది? ఎవరి పేరు మీద ఎవరు కడుతున్నారు? 2025 మార్చి 26న అక్కడ కడుతున్న ఆరంతస్తుల భవనం కుప్పకూలి కూలీల ప్రాణాలు తీసింది. అంతదాకా దాన్ని ఎవరాపారు? గుడిసెల దాకా వెతుక్కుంటూ వెళ్లే జేసీబీకి బజారు దారి తెలియదా?

శ్రీరామనవమికి అదే భద్రాచలానికి కారు కట్టుకుని వెళ్తారు, తలంబ్రాలు కళ్లకద్దుకుంటారు. దారి పక్కన ఎవరున్నారో చూడటానికి కారు అద్దం కూడా దించరు.

పొరుగు రాష్ట్రం నుంచి కూలీల్ని తెచ్చే కాంట్రాక్టరు వాళ్ల వివరాలు నమోదు చేయాలని 1979లోనే చట్టం వచ్చింది. ఆ పన్నెండేళ్ల పిల్ల పేరు ఎవరి రిజిస్టర్లో ఉంది?

కోతల కాలం రాగానే ట్రాలీలు మళ్లీ దిగుతాయి. ఈసారి మేస్త్రీని నిలబెట్టి అడగండి. పేరేంటి? వయసెంత? వీళ్లని తిరిగి ఇంటికి చేర్చేదెవరు? చిన్నపిల్లలు కనబడితే 1098కి ఫోన్ చేయండి. మీ ఫోన్లో అంతమంది ఉన్నారు కదా, ఆ ఒక్క నంబరు కూడా వేసుకోండి.