ఇంట్లో చదువు సరే, సర్టిఫికెట్ సంగతేంటి?

విశాఖలో మన కుటుంబాల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "ఇక బడి మాన్పించేసి ఇంట్లోనే చదివిద్దాం." కోట వీధిలో అయినా, అల్లిపురంలో అయినా, గాజువాక వైపు ఉక్కు కార్మికుల కాలనీల్లో అయినా మాట అదే, కారణాలే వేరు. ఒకరికి కార్పొరేట్ కాలేజీ ఫీజు భారం. మరొకరి అబ్బాయి హిఫ్జ్‌లో మూడేళ్లు గడిపి వచ్చాడు, ఇప్పుడు ఏ క్లాసులో చేర్చాలో తెలియదు. ఇంకొకరికి అమ్మాయిని దూరం పంపడం ఇష్టం లేదు. ఇంకొందరి పిల్లలు హాస్టల్ ఒత్తిడి తట్టుకోలేక తిరిగొచ్చేశారు.

ఉక్కు కర్మాగారం పరిస్థితి కూడా దీనికి తోడైంది. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణ నిర్ణయం తీసుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఆ తర్వాత కూడా కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు ఆగలేదు. జీతం మీద నమ్మకం పోయిన ఇంట్లో ముందుగా కత్తెర పడేది ఫీజుల మీదే. కాబట్టి ఇంటి చదువు కొందరికి ఇష్టంతో ఎంచుకున్న దారి, కొందరికి తప్పనిసరై వచ్చిన దారి. ఏదైనా సరే, టీనేజీ పిల్లల విషయంలో ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ చదువు చివర్లో ఏ పరీక్ష, ఏ సర్టిఫికెట్?

చట్టం ఏమంటోంది

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. ఇంటి చదువు గురించి అందులో స్పష్టమైన మాట లేదు. అందుకే ఎనిమిదో తరగతి వరకు పిల్లల పేరు బడిలో ఉంచడమే మంచిది. 14 దాటాక పరిస్థితి వేరు. అక్కడ నుంచి ప్రభుత్వమే గుర్తించిన ఓపెన్ స్కూల్ దారి ఉంది. బడికి వెళ్లకుండానే టెన్త్, ఇంటర్ రాయొచ్చు. అది దొంగదారి కాదు, తక్కువ స్థాయి చదువూ కాదు. కానీ దానికి దాని లెక్కలు ఉన్నాయి.

మూడు దారులు

మొదటిది ఎన్ఐఓఎస్, అంటే జాతీయ ఓపెన్ స్కూల్. కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1989లో మొదలైంది. దీని ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. టెన్త్‌కు 14 ఏళ్లు, ఇంటర్ స్థాయికి 15 ఏళ్లు నిండాలి. కనీసం ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్ వస్తుంది. పాస్ మార్కు 33 శాతం. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే లోనూ అక్టోబర్-నవంబర్‌లోనూ పరీక్షలు జరుగుతాయి. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. టెన్త్ తెలుగు మీడియంలోనూ, ఉర్దూ మీడియంలోనూ రాయొచ్చు. భాషా సబ్జెక్టుల్లో తెలుగు, ఉర్దూతో పాటు అరబీ కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, మదర్సాలో అరబీ చదివే మన పిల్లలకు ఇది కలిసొచ్చే విషయం.

రెండోది ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ. 1991 నుంచి ఉంది. జనం 'ఓపెన్ టెన్త్', 'ఓపెన్ ఇంటర్' అనేది ఎక్కువగా దీన్నే. రాష్ట్రంలోనే చదువు, రాష్ట్రంలోనే ఉద్యోగం అనుకునేవారికి ఇది సరిపోతుంది. పిల్లవాడు రేపు వేరే రాష్ట్రానికో, తండ్రితో గల్ఫ్‌కో వెళ్లే అవకాశం ఉంటే జాతీయ బోర్డు సులువు.

మూడోది కేంబ్రిడ్జ్ లాంటి విదేశీ బోర్డులు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు వీటి గురించి అడుగుతుంటాయి. సిలబస్ మంచిదే. కానీ ఒక్కో సబ్జెక్టుకు విడిగా ఫీజు, అది కూడా ఎక్కువ. తర్వాత ఇక్కడి కాలేజీలో చేరాలంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి సమానత్వ పత్రం తెచ్చుకోవాలి. ఇంజినీరింగ్, మెడిసిన్ ప్రవేశ పరీక్షలేమో ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ మీద నడుస్తాయి. విదేశాల్లో డిగ్రీ చేయించే ఆలోచన గట్టిగా ఉంటే తప్ప ఈ ఖర్చు పెట్టుకోవడంలో అర్థం లేదు.

ఇవి కాకుండా "పరీక్ష రాయక్కర్లేదు, పాస్ గ్యారంటీ" అని వచ్చే ఏజెంట్లు ఉన్నారు. ఓపెన్ బోర్డు పేరుకు దగ్గరగా ఉండే పేర్లతో నకిలీ బోర్డులు నడుస్తుంటాయి. డబ్బు కట్టే ముందు ఆ బోర్డు పేరు పాఠశాల విద్యా బోర్డుల మండలి, అంటే కాబ్సే సభ్యుల జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ కాగితం మీద ఎంత పెద్ద ముద్ర ఉన్నా పనికిరాదు.

సబ్జెక్టులు వెనక నుంచి ఎంచుకోవాలి

ఓపెన్ స్కూల్లో సబ్జెక్టుల ఎంపిక స్వేచ్ఛగా ఉంటుంది. తప్పు జరిగేది కూడా అక్కడే. సులువైన ఐదు తీసుకుని ఇంటర్ పాసైపోయి, తర్వాత "నీట్ రాస్తాను" అంటే కుదరదు. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండాలి. జేఈఈకి మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పవు, మొత్తం ఐదు సబ్జెక్టులు ఉండాలి. అందుకే గమ్యం ముందు, సిలబస్ తర్వాత.

ఓపెన్ స్కూల్ వాళ్లకు డాక్టర్ సీటు రాదనే మాట ఇప్పటికీ తిరుగుతోంది. ఒకప్పుడు మెడికల్ కౌన్సిల్ నిబంధన అలాగే ఉండేది. 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 మార్చిలో సుప్రీంకోర్టులోనూ ఈ విషయం తేలింది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ల విద్యార్థులు నీట్ రాయొచ్చు. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనే కాదు, 2018 నుంచి ఉర్దూలో కూడా వస్తోంది.

జేఈఈ విషయంలో రెండు జాగ్రత్తలు. ఐఐటీ, ఎన్ఐటీల్లో సీటుకు ర్యాంకు ఒక్కటే చాలదు. పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులు గానీ, తన బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. కాబట్టి 33తో పాసైతే చాలనుకోకూడదు. రెండోది, జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లలో రెండు అవకాశాలే, ఆ లెక్క ఇంటర్ మొదటిసారి రాసిన ఏడాది నుంచి మొదలవుతుంది. సబ్జెక్టులను విడదీసి ఒక్కోసారి కొన్ని రాయడం ఓపెన్ స్కూల్లో ఉన్న సౌకర్యమే, కానీ ఐఐటీ లక్ష్యం ఉన్నవాళ్లు ఆ ఏడాది నిబంధన చదివాకే అలా చేయాలి.

సైన్స్ తీసుకుంటే ప్రాక్టికల్స్ ఉంటాయి. అవి ఇంట్లో జరగవు. కేటాయించిన స్టడీ సెంటర్‌లో ల్యాబ్ నిజంగా నడుస్తోందో లేదో తండ్రి స్వయంగా వెళ్లి చూసి రావాలి. టీఎంఏ అనే అసైన్‌మెంట్లకు థియరీలో 20 శాతం వెయిటేజీ ఉంది. ఇవి గడువులో పంపకపోతే చేతికొచ్చిన మార్కులు పోతాయి.

అందరూ డాక్టర్లు, ఇంజినీర్లే కానక్కర్లేదు. మనది రేవు పట్నం. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్ ఇక్కడే ఉంది. మెరైన్ ఇంజినీరింగ్, నాటికల్ సైన్స్‌కు ఎంపీసీలో 60 శాతం, ఇంగ్లిష్‌లో 50 శాతం అడుగుతారు. టెన్త్ తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరొచ్చు. ఆర్ట్స్, కామర్స్ వైపు వెళ్లేవారికి 2022లో మొదలైన సీయూఈటీ ఉంది, దానితో కేంద్ర విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకుంటాయి. ఏ దారిలో వెళ్లినా, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఓపెన్ బోర్డుల గురించి ఏం రాశారో చదివాకే ఫీజు కట్టాలి.

కాగితాలు ముందే సర్దుకోవాలి

రాష్ట్రంలో ఈఏపీసెట్ రాసేవాళ్లకు 'స్థానికత' ఉండాలి. మామూలుగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఇంట్లో చదివిన పిల్లలకు అవి ఎక్కడ నుంచి వస్తాయి? దీనికి 1974 రాష్ట్రపతి ఉత్తర్వులోనే దారి ఉంది: బడిలో చదవని కాలానికి ఆ ప్రాంతంలో నివాసం చూపించాలి. అంటే తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తుంది. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం లాంటివి ఏళ్ల వారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇంకో విషయం, ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఓపెన్ బోర్డు విద్యార్థులు తమ మార్కులను డిక్లరేషన్ ఫారం ద్వారా విడిగా పంపాలి. పంపకపోతే ర్యాంకు రాదు.

మన ఇళ్లలో మరో తలనొప్పి పేర్లు. ఆధార్‌లో 'షేక్', టీసీలో 'ఎస్‌కే', పుట్టిన ధ్రువపత్రంలో అసలు ఇంటిపేరే ఉండదు. ఒకచోట 'మహమ్మద్', ఇంకోచోట 'ఎండీ'. ఓపెన్ స్కూల్లో పేరు నమోదు చేసేముందే అన్నీ ఒకేలా సరిచేయించుకోవాలి. టెన్త్ సర్టిఫికెట్ మీద పడిన పేరే జీవితాంతం నడుస్తుంది. బీసీ-ఈ సర్టిఫికెట్ రాష్ట్ర సీట్లకు పనికొస్తుంది. కేంద్ర సంస్థల్లో ఓబీసీ కోటా వేరు. మీ కులం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

టైమ్‌టేబుల్ లేకపోతే చదువు లేదు

ఇంటి చదువులో పెద్ద శత్రువు సిలబస్ కాదు, ఖాళీ రోజు. తండ్రి ఏ-షిఫ్టు, బీ-షిఫ్టు అంటూ తిరుగుతుంటే, తల్లి ఇంటి పనిలో ఉంటే, పిల్లల రోజు ఫోన్‌లోనే గడిచిపోతుంది. ఫజర్ తర్వాత రెండు గంటలు కష్టమైన సబ్జెక్టు, పగలు అభ్యాసం, ఇషా తర్వాత ఆ రోజు తప్పుల పుస్తకం. ఇంత సాదా పద్ధతైనా రోజూ జరగాలి.

మాక్ టెస్ట్ అసలు పరీక్ష సమయానికే పెట్టండి. నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు ఉంటుంది. 2025లో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు ఇచ్చారు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, కోత లేదు. అంటే ఒకదాంట్లో తెలియనిది వదిలేయాలి, ఇంకోదాంట్లో ఏదీ వదలకూడదు. ఈ తేడా చేత్తో రాసి చూస్తేనే అలవాటవుతుంది. నీట్ కాగితం మీద, జేఈఈ కంప్యూటర్ మీద అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

2025లో రంజాన్ మార్చి నెలంతా ఉంది. ఇంటర్ పరీక్షలు మార్చి 1న, టెన్త్ మార్చి 17న మొదలయ్యాయి. ఉపవాసంతో రాసిన పిల్లలు ఎందరో. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇంట్లో చదివేవారికి పరీక్షల తేదీ ఎంచుకునే వెసులుబాటు కొంత ఉంది, దాన్ని ప్లాన్‌లో వాడుకోండి. హిజాబ్‌తో నీట్‌కు వెళ్లే అమ్మాయిలు తనిఖీ కోసం కేంద్రానికి ముందుగా చేరుకోవాలని పరీక్ష సంస్థే చెబుతోంది. చివరి నిమిషంలో గేటు దగ్గర కన్నీళ్లు పెట్టుకునే పరిస్థితి రానివ్వొద్దు.

డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఐఐటీ కాన్పూర్ నడిపే 'సాథీ' వేదికలో జేఈఈ, నీట్ పాఠాలు ఉచితం. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చునే చోటు ఉంది.

హిఫ్జ్ పిల్లలు, ఇంట్లో ఉన్న అమ్మాయిలు

హాఫిజ్ అయిన అబ్బాయికి జ్ఞాపకశక్తి, క్రమశిక్షణ రెండూ ఉన్నాయి. లేనిది టెన్త్ సర్టిఫికెట్. దాన్ని ఓపెన్ స్కూల్ ఇస్తుంది. మదర్సా విద్యార్థుల చేత ఇదే బోర్డులో టెన్త్ రాయించే కార్యక్రమాన్ని జమియత్ ఉలమా-ఎ-హింద్ కూడా చేపట్టింది. దీన్, దునియా రెండు పడవలు కావని చెప్పడం తేలిక, చేసి చూపించడానికి ఇది దారి.

అమ్మాయిల విషయం కుండబద్దలు కొట్టి మాట్లాడుకోవాలి. కొన్ని ఇళ్లలో 'ఇంట్లో చదువుతోంది' అనే మాటకు అర్థం 'ఇంట్లో ఉంది' అని మాత్రమే. పుస్తకాలు ఉండవు, నమోదు ఉండదు, పరీక్ష తేదీ ఉండదు. రెండేళ్లలో నిఖా మాట వస్తుంది, చదువు అక్కడితో సరి. ఇల్మ్ సంపాదించడం ప్రతి ముస్లిం మీద ఫర్జ్ అని మిన్బర్ మీద నుంచి వింటున్నాం. ఆ ఫర్జ్‌లో బేటీ, బేటా తేడా లేదు. అమ్మాయి నిజంగా ఇంట్లో చదువుతోందా అన్నదానికి కొలత ఒకటే: ఆమె నమోదు నంబరు ఏది, తర్వాతి పరీక్ష ఎప్పుడు? ఈ రెండిటికీ జవాబు ఉంటే అది చదువు. లేకపోతే అది చదువు మాన్పించడమే, పేరు ఏదైనా పెట్టుకోండి.

ఇంకో లెక్క కూడా చూడాలి. 2025 జూన్‌లో మొదలైన 'తల్లికి వందనం' కింద తల్లి ఖాతాలో పడే 13,000 రూపాయలకు బడి లేదా కాలేజీలో పేరు, 75 శాతం హాజరు ఉండాలి. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఉచిత పుస్తకాలు, మధ్యాహ్న భోజనం ఉన్నాయి. ఇంటర్ మొదటి సంవత్సరం సిలబస్ 2025-26 నుంచి ఎన్‌సీఈఆర్‌టీకి మారింది. ఫీజు భయం ఒక్కటే కారణమైతే, బడి మాన్పించే ముందు దగ్గరలోని ప్రభుత్వ కాలేజీకి ఒకసారి వెళ్లి చూడండి. చాలా ఇళ్లకు సరైన జవాబు అదే కావచ్చు.

అన్నీ చూశాక కూడా ఇంటి చదువే అనుకుంటే, ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గీతలు రాయండి: ఏ బోర్డు, ఏ ఐదు సబ్జెక్టులు, ఏ నెలలో పరీక్ష, రోజూ ఎవరు చూసుకుంటారు. అమ్మీ, అబ్బా, పిల్లలు ముగ్గురూ కూర్చుని రాసి గోడకు అంటించండి. నాలుగో గీత ఖాళీగా ఉంటే మాత్రం టీసీ తీసుకోకండి.