స్త్రీధనం – పంచమీ తత్పురుషం

"ఆడవారికి సోకులెక్కువ మాస్టారూ! అందుకే అంగడివాడు వారివద్ద నాలుగు రూపాయలు ఎక్కువ పుచ్చుకుంటాడు. ఇష్టం లేకపోతే కొనడం మానుకోవచ్చుగా?" అని మొన్న ఉదయపు నడకలో నా పూర్వ సహోపాధ్యాయులొకరు తీర్పు చెప్పేశారు. ఆయన లెక్కల మాస్టారు. వారే అలా అన్నాక, లెక్క చూసే పని ఈ తెలుగు పంతులి మీద పడింది.

2015లో న్యూయార్కు నగరపు వినియోగదారుల వ్యవహారాల శాఖ సుమారు 800 వస్తువులను, మగవారివీ ఆడవారివీ, పక్కపక్కన పెట్టి పోల్చింది. ఆడవారి సరుకు సగటున 7 శాతం ప్రియం. షాంపూలు, రేజర్ల వంటివాటిలో 13 శాతం. రేజరుకు సోకేమిటండీ? పిడికి గులాబీరంగు పులిమినందుకా ఈ సుంకం? ఆటబొమ్మలలోనూ ఇదే తేడా కనబడింది. పసిపిల్లకు కూడా సోకు అంటగడదామా? 2020లో న్యూయార్కు రాష్ట్రం ఈ భేదాన్ని చట్టరీత్యా నిషేధించింది.

స్త్రీధనమంటే స్త్రీ యొక్క ధనమని, షష్ఠీ తత్పురుషమని జీవితమంతా విగ్రహవాక్యం చెప్పాను. అంగడిలో అది స్త్రీ వలన గుంజిన ధనం, పంచమి.

ఇక "మానుకోవచ్చుగా" అన్న మాట. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు కుంకుమకు, బొట్టుబిళ్ళలకు, మట్టిగాజులకు పన్ను లేదు. శానిటరీ నాప్కిన్లకు 12 శాతం! మానుకోగలిగినవాటికి మినహాయింపు, మానుకోలేనిదానికి వడ్డింపు. మునుపటి పన్నులకంటె ఇది తక్కువేనని ప్రభుత్వంవారి సమర్థన. నిన్నటికంటె మెల్లగా కొడుతున్నాను కదా అన్నట్లుంది. 2018 జూలైలో ఎత్తివేశారు, సంతోషమే. కాని ముడిసరుకుపై కట్టిన పన్ను తయారీదారుకు తిరిగి రాదు కనుక అది ధరలోనే తిష్ఠ వేస్తుంది.

నేను బాలికల ఉన్నత పాఠశాలలో పనిచేశాను. హాజరుపట్టీలో కొందరు పిల్లలు నెలనెలా మూడేసి రోజులు గైర్హాజరు. "జ్వరము వలన" అని సెలవుచీటీ. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ చీటీలలో ఒత్తులూ దీర్ఘాలూ ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేవాణ్ణి. అది ఏ జ్వరమో ఒక ఉపాధ్యాయిని నన్ను పక్కకు పిలిచి చెప్పేవరకు నాకు తట్టలేదు. ప్యాకెట్టు కొనే స్తోమత లేని ఇళ్ళ పిల్లలు వాళ్ళు. మానుకున్నారు, బడిని.

రేపటి నడకలో ఈ సంగతి లెక్కల మాస్టారికి చెప్పాలి. ఆయనా ఆ బడిలోనే పనిచేశారు, ఆ పట్టీలోనే హాజరు వేశారు.