తులసి మీద మీ ఉత్తరాలు

పోయిన నెలలో ఈ పేజీలోనే మిమ్మల్ని ఒక మాట అడిగాను, గుర్తుందా? యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ చదివినవాళ్ళలో దాని రెండో భాగం ‘తులసి’ కూడా ఎంతమంది చదివారు, చదివితే ఎలా అనిపించిందో రాయండి అన్నాను. ఎప్పటి నవలలు, ఇప్పుడెవరు రాస్తారులే, ఓ నాలుగు కార్డులొస్తే గొప్ప అనుకున్నాను. తీరా చూస్తే పెద్ద కవరు నిండా వచ్చాయి! ఆవకాయ కొలతలు అడిగినప్పుడు కూడా ఇన్ని రాలేదు. వాటిని చదువుతూ చదువుతూ మొన్న పొయ్యి మీద పప్పు మాడ్చేశాను. మావారు ఒక్క మాటా అనకుండా పెరుగేసుకుని తినేసి వెళ్ళిపోయారు. (ఏమీ అనకపోతేనే మనకు భయం కదా!)

అసలు ఆ ప్రశ్న నాకెందుకు పుట్టిందో ముందు చెప్తాను. మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక. ఆదివారం టిఫిన్ల గొడవ అయిపోయాక సంచీ పట్టుకుని అబిడ్స్ జి.పి.ఓ. దాకా నడుస్తాను. ఆరోజు అక్కడ షాపులకు షట్టర్లు దించి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు, మెట్ల మీద, ఫుట్‌పాత్ పొడుగునా పట్టాలు పరిచి పాత పుస్తకాలు కుప్పలు పోస్తారు. ఇంజనీరింగు పుస్తకాలు, ఇంగ్లీషు నవలలే ఎక్కువ. తెలుగువి వంగి, మోకాళ్ళ మీద కూర్చుని ఏరుకోవాలి. అలా ఏరుతుంటే అట్ట ఊడిపోయిన ‘తులసి’ దొరికింది. అద్దె లైబ్రరీ వాళ్ళ ముద్ర, దాని కింద రోజుకింత అని పెన్నుతో రాసిన అంకె కూడా ఉన్నాయి. ‘‘ముప్పై రూపాయలమ్మా’’ అన్నాడు. ‘‘అట్ట కూడా లేదు కదయ్యా, పచ్చీస్ తీసుకో’’ అన్నాను. ఇచ్చేశాడు. ఇంటికొచ్చి సంచీ విప్పితే మా అమ్మాయి ‘‘ఇదేంటమ్మా, తులసి మొక్క గురించా?’’ అంది! ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దానికి తెలియకపోవడంలో తప్పేం లేదు గానీ, నాకు మాత్రం గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

మీలో చిన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ‘తులసిదళం’ 1980 ప్రాంతాల్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సంపాదకులు సికరాజు గారి రోజులవి. ఆ పత్రిక కోసం జనం షాపుల ముందు నిలబడేవాళ్ళని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. తులసి అనే చిన్న పాప మీద, ఆస్తి కోసం చేతబడి చేయిస్తారు. కాష్మోరా అనే క్షుద్రశక్తిని ప్రయోగిస్తారు. పాప ఒళ్ళు రోజురోజుకీ క్షీణిస్తుంటే ఒకపక్క డాక్టర్లు, ఇంకోపక్క మంత్రగాళ్ళు. అంతకుముందు మన కథల్లో దయ్యాలుంటే ఊరవతల పాడుబడ్డ బంగళాలో ఉండేవి. ఈయన తీసుకొచ్చి కరెంటు లైట్లున్న ఇంట్లో, మనలాంటి సంసారం మధ్యలో, నిద్రపోయే పాప మంచం పక్కన పెట్టారు. అదీ భయమంతా! అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ అనే ఆయన 1971లో ‘ఎక్సార్సిస్ట్’ అనే నవల రాశారు, 1973లో సినిమా కూడా వచ్చింది. అందులోనూ పాపే, తల్లే, డాక్టర్లే. తల్లి భయానికి దేశం లేదేమో.

మా అమ్మ ఆ సీరియల్ కాగితాలు వారం వారం చింపి, సూదీ దారంతో కుట్టి, పాత కేలండర్ అట్ట వేసి పెట్టుకుంది. కొన్ని పేజీల వెనక సగం సగం వంటలుండేవి. నేను తొమ్మిదో తరగతిలో చదివింది ఆ కుట్టుపుస్తకమే. మంచి ఉత్కంఠ దగ్గర పేజీ తిప్పితే ‘సన్నగా తరిగి పెట్టుకోవాలి’ అని ఉండేది!

ఇక మీ ఉత్తరాల సంగతి.

చిక్కడపల్లి నుంచి రిటైరైన టీచరమ్మగారొకరు రాశారు. వాళ్ళ వీధిలో ఒక్క ఇంట్లోనే పత్రిక కొనేవారట. సాయంత్రం నలుగురు ఆడవాళ్ళు అరుగు మీద చేరితే ఈవిడే పైకి చదివేవారట. ‘‘మొదటి భాగం చదువుతుంటే పెరట్లోకి ఒక్కదాన్నే వెళ్ళలేకపోయేదాన్ని. రెండో భాగం చల్లారిన కాఫీ మళ్ళీ వేడిచేసినట్టుంది. తాగగలం, కానీ రుచి పోయింది’’ అన్నారు. ఇదే మాట ఇంకో ఆరేడుగురు వేరే రకాలుగా రాశారు. ఒకావిడైతే, చేప ఎంత రుచిగా ఉన్నా మర్నాటి పులుసు అంటే మావారు ముట్టరు అన్నారు. నేనైతే మర్నాటి చేపల పులుసే బావుంటుందనేదాన్ని, అది వేరే విషయం.

అబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేసే చెల్లెలొకామె దీనికి పూర్తిగా ఎదురు. ఆమెకు ముందు దొరికింది ‘తులసి’యే. ఒక మొదటి భాగం ఉందని కూడా తెలియదు. మధ్యాహ్నం భోజనం వేళ టిఫిన్ బాక్సు పక్కన పెట్టుకుని మూడు రోజుల్లో పూర్తి చేసిందట. తర్వాత ‘తులసిదళం’ చదివితే, ‘‘ఇదేంటక్కా, ఇంత నెమ్మదిగా ఉంది, మధ్యలో డాక్టర్ల ఉపన్యాసాలేంటి’’ అనిపించిందట! అంటే మనం ఏది ముందు చదివామో దాన్నిబట్టి కూడా ఉంటుందన్నమాట. అసలు రెండో భాగమే ఇష్టం అన్నవాళ్ళలో చాలామంది 1986లో వచ్చిన ‘కాష్మోరా’ సినిమా ముందు చూసినవాళ్ళే. అది ‘తులసి’ నవల ఆధారంగా తీసిందే. రాజేంద్రప్రసాద్, భానుప్రియ ఉన్నారు. అంతకుముందు ఏడాదే కన్నడంలో ‘తులసిదళ’ వచ్చింది, శరత్‌బాబుతో. 2016లో కార్తీ సినిమాకి కూడా కాష్మోరా అనే పేరు పెట్టుకున్నారు. పుస్తకం పేరు మర్చిపోయినవాళ్ళకి కూడా ఆ భూతం పేరు గుర్తుంది, చూశారా!

నల్గొండ సోదరి ఒకామె పిల్లలకు కాష్మోరా పేరు చెప్పి అన్నం తినిపించేదట. ఇప్పుడు ఆ పిల్లలే అమెరికా నుంచి ఫోన్ చేసి, ‘‘నీ వల్ల మేం ఇంకా లైటేసుకుని పడుకుంటున్నాం’’ అని దెబ్బలాడుతున్నారట. నవ్వుకున్నాను.

తర్వాతి ఉత్తరం దగ్గర నవ్వు ఆగిపోయింది. మెదక్ వైపు నుంచి వచ్చింది. పేరు రాయలేదు, రాసినా నేను వేసేదాన్ని కాదు. వాళ్ళ ఊళ్ళో ఒక ముసలావిడని, మొగుడు పోయి ఒక్కతే ఉండేదట, చేతబడి చేస్తోందని అనుమానించి కొట్టారట. పిల్లాడికి జ్వరం తగ్గకపోవడం ఆవిడ చేసిన నేరం. ‘‘మీకు పట్నంలో అది కథ. ఆదివారం కొనుక్కుని, చదివి, అటక మీద పెట్టేస్తారు. మాకు బాణామతి అంటే కథ కాదు. మొదటి నవల్లో కనీసం డాక్టర్లు కూడా మాట్లాడారు. రెండోది ఎందుకు రాయాలి?’’ అని అడిగింది. ఆ ‘ఎందుకు’ దగ్గర నేను రెండు రోజులు ఆగాను.

ఆ నవలల మీద ఇలాంటి కోపం కొత్తదేమీ కాదు. రంగనాయకమ్మ గారు అప్పట్లోనే ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని రాశారు. ఆవిడకి మొదటి భాగమే పనికిరాలేదు. నేను అంత దూరం వెళ్ళలేను. నాకు ‘తులసిదళం’ ఇష్టం. ఎందుకిష్టమో చెప్తే, ‘తులసి’తో నా పేచీ ఏమిటో మీకు తెలుస్తుంది.

మొదటి నవల ముగిశాక మా ఇంట్లో ఒక తగాదా మిగిలింది. పాప బతికింది డాక్టర్ల వల్లా, మంత్రగాళ్ళ వల్లా? రచయిత తేల్చలేదు. రెండు పక్కలకీ సమానంగా సరుకిచ్చి తప్పుకున్నారు. మా నాన్న డాక్టర్లే అనేవాడు. మా అమ్మ ‘‘మీకేం తెలుసు’’ అనేది. పండక్కి చుట్టాలొస్తే వాళ్ళు కూడా చెరో పక్క చేరేవారు. కుట్టుపుస్తకం తీసి, ‘‘ఇదిగో ఇక్కడ చూడు’’ అని పేజీలు చూపించుకునేవారు. ఆ తగాదాలో మా అమ్మ మాట్లాడినంత ధైర్యంగా ఇంకే విషయంలోనూ మా నాన్నతో మాట్లాడటం నేను చూడలేదు.

రెండో భాగంలో కాష్మోరా మళ్ళీ లేచింది. మళ్ళీ లేచిందంటే ఇంతకాలం ఉన్నట్టే కదా! మా అమ్మ పుస్తకం మూసి, ‘‘ఏమండీ, ఇప్పుడేమంటారు?’’ అంది. మా నాన్న ఏమీ అనలేదు. ఆ రోజుతో తగాదా సరి. భయపెట్టడంలో ‘తులసి’ తక్కువేం కాదు, నన్ను బాగానే భయపెట్టింది. కానీ మా ఇంట్లో రెండు తలుపులుండేవి, ఈ భాగం ఒకటి మూసేసిపోయింది. మీ ఉత్తరాల్లో చల్లారిన కాఫీ అన్నవాళ్ళు చెప్పేది కూడా ఇదేనేమో అనిపిస్తోంది నాకు.

ఇది నవల గొడవే అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. పదిహేనేళ్ళ కిందట మా అమ్మాయికి రెండేళ్ళప్పుడు, రాత్రి జ్వరంలో ఉన్నట్టుండి కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. మావారు ఊళ్ళో లేరు. మా అత్తగారు ‘‘గాలి సోకింది, కదపొద్దు’’ అని మనిషిని పంపి తాయెత్తు కట్టే ఆయన్ని పిలిపించారు. ఇన్నేళ్ళూ అందరికీ, మా అత్తగారు ఆపారు అనే చెప్తూ వచ్చాను. నిజం ఏమిటంటే, ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఇంటర్ చదివిన నేను, డాక్టర్లే అన్న తండ్రికి కూతుర్ని, ఆ గదిలో నిలబడి కాష్మోరాని తలుచుకున్నాను. ఆయన వచ్చి, నిమ్మకాయలు కోసి, తాడు కట్టేదాకా గంటసేపు పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండోసారి కొట్టుకున్నప్పుడు గానీ లేవలేదు. అప్పుడు ఆటో ఎక్కాను. మాకు రెడ్‌హిల్స్ నీలోఫర్ ఆస్పత్రి ఎంత దూరం? ఐదు నిమిషాలు!

అక్కడ డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. జ్వరంతో వచ్చే ఫిట్స్ ఇవి, ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకి వస్తుంటాయి, చాలామందికి పెద్దయ్యాక రావు అని చెప్పింది. అలా వస్తే పిల్లని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, నీళ్ళు, ఏమీ పెట్టకూడదు. కదలకుండా అదిమి పట్టుకోకూడదు. గడియారం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే, లేదా మళ్ళీ వస్తే ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికి తీసుకురావాలి. మొదటిసారి వచ్చినా సరే, ఆగాక ఒకసారి చూపించాల్సిందే అంది. నేను గడియారం చూడలేదు. చేతికున్న ఆ తాడుని ఆవిడ చూసింది, ఏమీ అనలేదు.

ఆ గంటని నవల మీద తోసెయ్యడం న్యాయం కాదు, తెలుసు. చార్టర్డ్ అకౌంటెంట్‌గా లెక్కలు చూసిన మనిషి, తర్వాత ‘విజయానికి ఐదు మెట్లు’ రాసిన మనిషి, నన్ను తాయెత్తు కట్టించుకోమని ఎక్కడా రాయలేదు. నమ్మింది నేను. పైగా పాఠకులు అడగబట్టే కదా రెండో భాగాలు వచ్చేది! షెర్లాక్ హోమ్స్‌ని కానన్ డాయిల్ 1893లో చంపేస్తే, జనం ఊరుకోక, పదేళ్ళకి 1903లో మళ్ళీ బతికించాల్సి వచ్చింది. అక్కడ బతికింది డిటెక్టివ్ కాబట్టి ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ లేచింది కాష్మోరా.

మెదక్ చెల్లెమ్మా, నీ ‘ఎందుకు’కి నా దగ్గర ఉన్నది ఇంతే. నీ ఉత్తరం మా అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘మీ నాన్న ఉంటే బావుండేది, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం’’ అంది.

మా అమ్మాయి మాత్రం కుట్టుపుస్తకం అమ్మమ్మ దగ్గర్నుంచి తెప్పించుకుని రాత్రీ పగలూ చదివేసింది. మధ్యలో నాలుగు పేజీలు ఊడిపోయాయని ఒకటే గోల. అయిపోయాక వంటింట్లోకి వచ్చి, ‘‘అమ్మా, ఆ పాపకి అసలు జబ్బేమై ఉంటుంది? డాక్టర్లు ఈ పరీక్ష ఎందుకు చెయ్యలేదు?’’ అని మొదలుపెట్టింది. దానికింకా తన ఫిట్స్ సంగతి నేను పూర్తిగా చెప్పలేదు. ఇది అచ్చయి వచ్చాక చదువుతుంది. ఇప్పుడు రెండో భాగం ఇమ్మని అడుగుతోంది. అబిడ్స్‌లో కొన్న ఆ అట్ట లేని ‘తులసి’ బియ్యం డబ్బా మీదే ఉంది. పరీక్షలయ్యాక చూద్దాం అన్నాను.