అప్పు చేసి డివిడెండు!

అప్పు చేసి పప్పుకూడు తినే ఇల్లు ఎంతోకాలం నిలవదంటారు పెద్దలు. కంపెనీల దగ్గరికొచ్చేసరికి ఈ మాట ఎవరికీ గుర్తుకురాదు. ఏటా ఠంచనుగా డివిడెండు ఇస్తోందంటే చాలు... 'బంగారంలాంటి కంపెనీ' అనేస్తారు. అందులోనూ అది మంచినీళ్లు సరఫరా చేసే కంపెనీ అయితే ఇక చెప్పేదేముంది? ఎండొచ్చినా వానొచ్చినా, మార్కెట్లు కుప్పకూలినా జనం నీళ్లు వాడక మానరు, బిల్లు కట్టక మానరు. అందుకే రిటైరైనవాళ్లకీ పింఛను నిధులకీ పాశ్చాత్య దేశాల్లోని నీటి కంపెనీలంటే మక్కువ. అమెరికాలోని యార్క్ వాటర్ కంపెనీ అయితే 1816 నుంచీ విడవకుండా డివిడెండు పంచుతోంది!

ఇస్తున్నారా లేదా అన్నది ఒక ప్రశ్న. ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తున్నారన్నది అసలు ప్రశ్న.

లాభం వేరు... నగదు వేరు

ఓ నీటి కంపెనీకి ఏడాదికి బిల్లుల రూపంలో వెయ్యి కోట్లు వస్తాయనుకుందాం. జీతాలు, కరెంటు, శుద్ధి ఖర్చులకు 500 కోట్లు, వడ్డీలూ పన్నులకు 200 కోట్లు పోయాయి. చేతిలో మిగిలింది 300 కోట్లు. కానీ పాత గొట్టాలు మార్చాలి, కొత్త కాలనీలకు లైన్లు వేయాలి. వాటికి ఆ ఏడాది 400 కోట్లు పెట్టారు. అంటే నికరంగా మిగిలింది మైనస్ 100 కోట్లు. దీన్నే 'ఫ్రీ క్యాష్ ఫ్లో' అంటారు. వ్యాపారానికి కావలసినవన్నీ కొన్నాక యజమానుల చేతికి నిజంగా అందే డబ్బు అన్నమాట.

మరి లాభనష్టాల ఖాతా ఏం చెబుతుంది? గొట్టాలు ఎన్నో ఏళ్లు పనిచేస్తాయి కాబట్టి వాటి ఖర్చు మొత్తాన్నీ ఒకే ఏడాది చూపించరు. తరుగుదల పేరుతో ఏటా కొంచెం కొంచెంగా రాస్తారు. ఈ ఏడాది వాటా 120 కోట్లనుకుంటే లాభం 180 కోట్లు! అందులో 90 కోట్లు డివిడెండుగా ఇస్తే, 'సగమే పంచారు, జాగ్రత్తపరులే' అని మెచ్చుకుంటారు. నిజానికి అక్కడ 100 కోట్ల లోటు ఉంది. దానికి డివిడెండు 90 కోట్లు కలిస్తే 190 కోట్లు. ఈ మొత్తం బయటి నుంచి రావాల్సిందే. అప్పు తేవాలి, లేదా కొత్త వాటాలు అమ్మాలి.

అన్నీ తప్పుడు లెక్కలేనా?

కాదు. అమెరికన్ వాటర్ వర్క్స్ సంగతే చూడండి. 2023లో దాని రోజువారీ వ్యాపారం నుంచి 190 కోట్ల డాలర్లకు దగ్గరగా నగదు వచ్చింది. గొట్టాలు, శుద్ధి కేంద్రాలు వగైరాలకు పెట్టింది 250 కోట్ల డాలర్ల పైమాటే. ఫ్రీ క్యాష్ ఫ్లో మైనస్సే! అయినా డివిడెండు 50 కోట్ల డాలర్లకు పైగా పంచింది. 2008లో మార్కెట్లోకి వచ్చాక ఆ కంపెనీ ఏటా డివిడెండు పెంచుతూనే ఉంది.

ఇదెలా సాధ్యం? అక్కడ నీటి ధరను నిర్ణయించేది కంపెనీ కాదు, రాష్ట్రాల నియంత్రణ సంఘాలు. అవసరమైన గొట్టం వేస్తే ఆ పెట్టుబడి మీద న్యాయమైన రాబడిని బిల్లులో కలుపుకోనిస్తాయి. కాబట్టి ఈరోజు తెచ్చిన అప్పు రేపటి ఆదాయానికి విత్తనం. పైగా ఆ కంపెనీ అప్పులొక్కదాని మీదే ఆధారపడలేదు. 2023లోనే కొత్త వాటాలు అమ్మి 160 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చుకుంది.

ఇల్లు కట్టుకోవడానికి అప్పు చేయడం వేరు, పండగ ఖర్చుకి చేయడం వేరు. తేడా తెలియాలంటే లండన్ వెళ్లాలి.

థేమ్స్ నేర్పిన పాఠం

1989లో బ్రిటన్ ప్రభుత్వం ఇంగ్లండ్, వేల్స్‌లలోని పది నీటి సంస్థలను ప్రైవేటుపరం చేసింది. పాత బాకీలు మాఫీ చేసి మరీ అప్పగించింది. వాటిలో పెద్దది థేమ్స్ వాటర్. దాదాపు కోటీ అరవై లక్షల మంది దాని వినియోగదారులు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ నాయకత్వంలోని బృందం దాన్ని కొనుక్కుంది. ఆ తరవాతి ఏళ్లలో వందల కోట్ల పౌండ్లు డివిడెండ్లుగా వెళ్లాయి. మరోపక్క అప్పు కొండలా పెరిగింది. 2017లో మెక్వారీ పూర్తిగా తప్పుకునేనాటికి అది వెయ్యి కోట్ల పౌండ్లు దాటింది. కంపెనీ విలువలో 80 శాతం దాకా అప్పే!

వడ్డీలు చవగ్గా ఉన్నన్నాళ్లూ బండి నడిచింది. ఆ అప్పులో పెద్ద భాగం ధరల సూచీతో ముడిపడినది. 2022 అక్టోబరులో బ్రిటన్‌లో చిల్లర ధరల సూచీ 14 శాతం దాటేసరికి అప్పు కూడా దానంతటదే ఉబ్బిపోయింది. మరోవైపు లండన్ కింద విక్టోరియా రాణి కాలంనాటి గొట్టాలు. రోజుకు 50 కోట్ల లీటర్లకు పైగా నీళ్లు నేలపాలు!

2024 మార్చిలో వాటాదారులు తాము ఇస్తామన్న 50 కోట్ల పౌండ్లు ఇవ్వలేమన్నారు. ఏప్రిల్‌లో మాతృసంస్థ కెంబుల్ వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. 2025 మేలో నియంత్రణ సంస్థ ఆఫ్‌వాట్ 12.27 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అందులో 1.82 కోట్లు కేవలం డివిడెండు తప్పులకే! ఇలా డివిడెండు చెల్లించినందుకు జరిమానా వేయడం అదే మొదటిసారి.

2017 తరవాత అసలు యజమానులకు చిల్లిగవ్వ ముట్టలేదన్నది కంపెనీ వాదన. నిజమే, ఆ డివిడెండ్లు మాతృసంస్థ అప్పుల మీద వడ్డీ కట్టడానికే వెళ్లాయి. అయితేనేం... గొట్టాలకు పోవాల్సిన డబ్బు గడప దాటింది కదా!

నష్టపోయిందెవరు? బ్రిటన్ విశ్వవిద్యాలయ ఉద్యోగుల పింఛను నిధికి, కెనడాలోని ఒంటారియో మున్సిపల్ ఉద్యోగుల పింఛను నిధికి అందులో పెద్ద వాటాలున్నాయి. ఆ కెనడా నిధి 2024లో తన వాటా విలువను సున్నాగా రాసేసుకుంది. ఇక 2025 ఏప్రిల్ నుంచి బిల్లులు సగటున 31 శాతం పెరిగాయి. లండన్‌లో, రీడింగ్‌లో ఉంటున్న తెలుగువాళ్లూ ఆ బిల్లు కడుతున్నవాళ్లే.

ఏం చూడాలి?

నీళ్లూ, కరెంటూ, గ్యాసూ... ఏ కంపెనీ వాటాలు కొనాలన్నా డివిడెండు శాతం ఒక్కటే చూడకండి. వార్షిక నివేదికలో 'నగదు ప్రవాహ పట్టిక' ఉంటుంది. వ్యాపారం నుంచి వచ్చిన నగదులోంచి ఆస్తులకు పెట్టిన ఖర్చు తీసేయండి. మిగిలినదాని పక్కన డివిడెండు పెట్టి చూడండి. ఒక్క ఏడాది కాదు, కనీసం అయిదేళ్లవి.

లోటు కనిపిస్తే వెంటనే బెంబేలెత్తక్కర్లేదు. తెచ్చిన డబ్బుతో ఆస్తులు పెరిగాయా? ఆస్తులకన్నా అప్పు వేగంగా పెరుగుతోందా? వడ్డీకి ఎన్నిరెట్ల ఆదాయం ఉంది? యజమానులు ఎప్పుడైనా సొంత డబ్బు తెచ్చిపెట్టారా, పట్టుకుపోవడమేనా? ఈ నాలుగింటికీ జవాబులు దొరికితే చాలు. డివిడెండు కంపెనీ సంపాదించి ఇస్తోందో, రేపు మీ పిల్లలు కట్టబోయే బిల్లులోంచి ముందే తీసి ఇస్తోందో తేలిపోతుంది.